మా అత్తమ్మ నోట్ల మిగిలిన మంత్రం

తెలంగాణ వచ్చిన ఏడే నా పెండ్లి అయ్యింది. మాది చౌటుప్పల్ పక్కపొంటి ఊరు. బస్సులు, లారీలు, కంపెనీ బండ్లు తెల్లందాకా మోగే రోడ్డు మీది ఊరు. అక్కడి నుంచి దేవరకొండ అవతల గుట్టల నడుమ ఉన్న ఈ పల్లెకు కోడలిగ వచ్చిన. ఇంట్ల మా ఇంటాయన, ఆయన తల్లి, నేను, గంతే. మామ నా పెండ్లికి చాన ముందుగాలనే పోయిండంట. కొన్ని గొర్లు, కొన్ని మ్యాకలు, వానను నమ్ముకున్న చెలక, ఇంటెనుక దొడ్డి. అదే మా ఆస్తి.

వచ్చిన మర్నాడు పొద్దుగాల నాకు మెలకువ వచ్చింది మా అత్తమ్మ గొంతుకే. ఎవరితోనో మాట్లాడుతున్నదనుకున్న. అర్రలకెల్లి తొంగి చూస్తే దొడ్డి ఊడుస్తున్నది. చీపురు ఇటు గుంజినప్పుడు "ఓం నమశ్శివాయ", అటు గుంజినప్పుడు "ఓం నమశ్శివాయ". పక్కన ఎవ్వరు లేరు, మ్యాకలు తప్ప. పాట కాదు, చదువుడు కాదు. ఊపిరి తీసుకున్నంత మామూలుగ అంటున్నది.

మా అమ్మగారింట్ల దేవుడంటే శనివారం దీపం, పండుగకు కొబ్బరికాయ. మంత్రం అంటే గుడి మైకుల వినొచ్చేది, లేకుంటే ఫోన్ల వినొచ్చేది. మనిషి నోట్లకెల్లి పొద్దంతా మంత్రం వచ్చుడు నేను ఇక్కడనే చూసిన. అత్తమ్మ చల్ల చిలికితే మంత్రం కవ్వం లెక్క తిరిగేది. రొట్టె కొడితే చెయ్యి చప్పుడుకు తగ్గట్టు పడేది. చేను తొవ్వల నడుస్తుంటే అడుగడుగుకు సాగేది. గట్టు ఎక్కేటప్పుడు "నమ" దగ్గర ఊపిరి ఆగి, గట్టు మీద "శివాయ" అయ్యేది. ఎనుక నడుస్తున్న నేను గూడ తెల్వకుండనే అదే అడుగు ఎయ్యబట్టిన.

ఆ మంత్రం ఆమెకు ఎట్ల దొరికిందో మా ఇంటాయన చెప్పిండు. మామ పోయినంక ఆమె తిండి మానేసిందంట. పని చేసేది, అడిగితే జవాబు చెప్పేది, గాని మనిషి ఆడ లేనట్టే ఉండేదంట. కార్తీకంల మా ఊర్లకు ఒక జంగమయ్య వస్తడు. భుజాన జోలె, చేతిల గంట, ఇంటింటికి తిరిగి ఇబూది ఇస్తడు. అడిగినోళ్లకు మంత్రం ఇస్తడు. ఆయేడు ఆయన మా వాకిట్లకు వచ్చినప్పుడు అత్తమ్మ ఇబూది పెట్టించుకొని, మనసు ఒక్కకాడ నిలుస్తలేదయ్యా అన్నదంట. తెల్లారి ఆమెను తానం చేసి రమ్మని, ఊరవతలి శివాలయంల కూసోబెట్టి, తల మీద శెల్లె కప్పి, చెవుల మంత్రం చెప్పిండంట. ఒక రుద్రాక్ష మాల ఇచ్చిండు. సోమవారం మాంసం కూర ముట్టొద్దన్నడు. పొద్దున లేవంగనే మాల తిప్పుమన్నడు, మిగిలిన పొద్దంతా పని చేసుకుంట అనుకోమన్నడు. గొర్లు కాసే ఇంట్ల సోమవారం కూర మానుడు చిన్న ముచ్చట కాదు, చుట్టాలు వచ్చేదే ఆ దినం అయితది. ఆమె మానింది. అందరికి వండి పెట్టి తను పచ్చిపులుసు పోసుకొని తినేది.

ఒకసారి ఇత్తనం కోసం పల్లికాయ ఒలుస్తున్నం ఇద్దరం. నేను ఇంటర్ దాక చదివిన కద, తెలుసుకుందామని అడిగిన, గీ మంత్రానికి అర్థం ఏందత్తమ్మా అని.

"నాకు తెల్వదు పిల్లా. అయ్య చెప్పిండు, నేను అంటున్న. అంటే జర పాణం కుదుటపడ్తది."

నేను ఎక్కడనో చదివింది చెప్పిన. నమః అంటే దండం అని, శివాయ అంటే శివునికి అని. ఆమె చేతుల ఉన్న కాయ ఒత్తుకుంట ఆలోచన చేసింది. తర్వాత నవ్వి, గంతేనా, గంతే అయితే మంచిదే, పెట్టేది దండమే కద అన్నది. మళ్ల ఒలుసుడు మొదలువెట్టింది. ఆ దినం ఆ నవ్వు నాకు బాగ యాదికున్నది. ఇంటి ముంగటి సాయమాన్ల ఎండ గీతలు గీతలుగ పడుతుండె. మా ఒళ్ల నిండ పొట్టు.

మాకు బిడ్డ పుట్టినంక జోలపాట గూడ అదే అయ్యింది. ఉయ్యాల ఊపుకుంట ఆమె అనేది, పిల్ల నిద్రపోయేది. నేను పాటలు పాడితే పడుకోకపోయేది.

సర్కారు గొర్లు ఇచ్చిన ఏడు దాటినంక, బిడ్డ బడికి పోవుడు అప్పుడప్పుడే మొదలువెట్టినప్పుడు, అత్తమ్మకు పచ్చవాతం వచ్చింది. పత్తి ఏరే కాలం. మేమిద్దరం చేన్ల ఉన్నం. పక్కింటామె ఉరుక్కుంట వచ్చి చెప్పింది, మీ అత్త కుడితి గోళెం కాడ పడిపోయిందని. పోయి చూస్తే నోరు ఒక దిక్కు గుంజుకపోయి ఉన్నది. కుడి చెయ్యి, కుడి కాలు లేస్తలేవు. కండ్లు మాత్రం మమ్ములనే చూస్తున్నయి. ఆటోల దేవరకొండ తీస్కపోయినం. ఆడ చూసి నల్లగొండకు తీస్కపొమ్మన్నరు.

నల్లగొండ దవాఖానల ఆమెకు పాణం నిలిచింది గాని మాట రాలేదు. ఏదో అనబోయేది, గొంతుల గురగుర తప్ప ఏం వచ్చేది కాదు. మా ఇంటాయన ఆమె కాలు పట్టుకొని మంచం మీది కొసకు కూసునేటోడు. నేను నోట్లకు చెంచతోని గంజి పోస్తుంటే ఆమె నా మొకం దిక్కు చూసేది, నేనేమన్న చెప్తనేమో అన్నట్టు. రోజూ పొద్దంతా వినొచ్చిన గొంతు వినరాకపోయేసరికి చెవులు పోయినట్టు అనిపించింది. మా ఆయనకు గూడ అట్లనే ఉండెనంట, తర్వాత చెప్పిండు.

ఒక పగటిపూట నర్సమ్మ వచ్చి సూది ఎయ్యబోయింది. నరం దొరక్క రెండో తాప పొడిచింది. అప్పుడు అత్తమ్మ నోట్లకెల్లి "ఓం నమశ్శివాయ" అని వచ్చింది. తప్పు లేదు, నత్తి లేదు, ఎప్పటి లెక్కనే. పక్క మంచాలోళ్లు గూడ తిరిగి చూసిండ్రు. మా ఆయన డాక్టరమ్మను పిలుస్తందుకు ఉరికిండు. నేను అత్తమ్మ చెంపలు పట్టుకొని ఏడ్సిన. మాట వచ్చిందనుకున్నం కద.

డాక్టరమ్మ వయసుల చిన్నది. కుర్చీ దగ్గరికి జరుపుకొని, నీ పేరేందమ్మా అని అడిగింది. అత్తమ్మ పెదవులు కదిలించి, మస్తు తన్లాడి, "ఓం నమశ్శివాయ" అన్నది. గీయన ఎవలు అని కొడుకును చూపెట్టి అడిగింది. మళ్ల అదే. తను అనబోయిన మాట అది కాదని ఆమెకు ఎరుకైంది. ఎడమ చేత్తోని తన నోటి మీద తనే కొట్టుకున్నది. నేను చెయ్యి పట్టుకున్న.

బయట వరండల డాక్టరమ్మ మాకు నిమ్మళంగ చెప్పింది. మెదడుల మాటలు కూర్చే జాగ దెబ్బ తిన్నదని, మనం అనేది ఆమెకు అర్థమైతదని, తిరిగి చెప్పుడే చాతగాదని. ఏండ్ల సంది అలవాటుగ అన్న మాట ఒక్కోసారి దెబ్బ తగలకుండ మిగిలిపోతదంట. కొందరికి పాట మిగులుతదంట, కొందరికి తిట్లు మిగులుతయంట. పొద్దంతా బూతులు తప్ప ఏం రాని పెద్దమనిషిని తను చూసిందంట. "మీ అమ్మకు మంచిదే మిగిలింది" అన్నది. అన్ని దినాలల్ల మా ఆయన మొకం మీద నవ్వు అప్పుడే చూసిన.

ఇంటికి తెచ్చినం. సాయమాన్ల మంచం ఏసినం, వాకిలి, దొడ్డి, గుట్ట కనిపించేటట్టు. ఊరు ఊరంతా చూడవచ్చింది. అందరు మాట్లాడిచ్చుడు, ఆమె "ఓం నమశ్శివాయ" అనుడు. నాలుగు దినాలల్ల ఊర్ల వేరే ముచ్చట పుట్టింది, ఆమె నోట్ల శివుడు కూసున్నడని. ఆడోళ్లు కొబ్బరికాయలు పట్టుకొని రాబట్టిండ్రు. కాళ్లు మొక్కుడు, జరమొచ్చిన పిల్లలను తెచ్చి తల మీద ఆమె చెయ్యి పెట్టిచ్చుడు. మొదాలు అత్తమ్మ ఓపిక పట్టింది. పిల్లలంటే ఆమెకు పాణం. ఒకనాడు మాత్రం పక్కూరోళ్లు ట్రాక్టర్ల వచ్చి, దండ గూడ తెచ్చి మెడల ఏయబోయిండ్రు. ఆమె దండ గుంజి పారేసి, గేటు దిక్కు ఎడమ చెయ్యి చూపెట్టి, "ఓం నమశ్శివాయ" అని గద్దించింది. పొమ్మనుడు అది. నాకు తెలుసు, మ్యాక పత్తిల పడ్డప్పుడు గూడ అదే గొంతు. వాళ్లేమో ఆశీర్వాదమనుకొని ఇంకింత వంగి మొక్కిండ్రు. ఆమెకు ఇంకింత కోపమొచ్చి ఇంకింత గట్టిగ అన్నది. వాళ్లు ఇంకింత వంగిండ్రు.

నేను అడ్డం పోయి, ఆమె పాణం బాగలేని మనిషి, జర పడుకోనియ్యుండ్రి అని బతిలాడిన. కొందరు సమజు చేసుకున్నరు. కొందరు కోడలికి కండ్ల మంట అని చెప్పుకుంట పోయిండ్రు. మెల్లగ రాకడ తగ్గింది.

మాకు మిగిలింది ఆ ఒక్క మాటతోని సంసారం. మొదట్ల మస్తు గోసైంది. ఆమె అంటది, నేను నీళ్లు తెస్త, ఆమె తల అడ్డం ఊపుతది. చాయ తెస్త, తల ఊపుతది. దుప్పటి, ఇసనకర్ర, ఒక్కొక్కటి తెచ్చి చూపెట్టేది. ఒకనాడు అట్లనే అన్ని తెచ్చిన. ఆమె మంచం పట్టె కొట్టుకుంట అంటనే ఉన్నది, నేను ఉరుకుతనే ఉన్న. ఆఖరుకు నాకు వాసన వచ్చింది, పొయ్యి మీద బువ్వ మాడుతున్నదని. అదే చెప్తున్నదన్నట్టు. గిన్నె దించి వచ్చి నేను నవ్విన. ఆమె గూడ నవ్వింది, వంకర నోరుతోని. పచ్చవాతం వచ్చినంక ఆమె నవ్వుడు అదే మొదటిసారి.

నాకంటె ముందు మా బిడ్డ నేర్చుకున్నది. బడి నుంచి వచ్చి అవ్వ పక్కన మంచమెక్కి కూసునేది. ఒకనాడు నేను అర్రల ఉంటే కేకేసి చెప్పింది, అమ్మా, అవ్వకు సలి పెడ్తాంది, శెల్లె కావాల్నంట. నీకెట్ల తెలుసే అంటే, "అన్నది కద" అన్నది. నేను కొత్త మాట ఏమన్న వచ్చిందేమో అని ఉరికి వచ్చిన. ఏం లేదు, అదే మంత్రం. పిల్లకు మాత్రం అందుల శెల్లె వినొచ్చింది.

అప్పటి సంది నేను గూడ చెవి పెట్టి వినబట్టిన. నీళ్లకైతే గొంతు కిందికి దిగి "శివాయ" సాగేది. చాయకైతే కొస మీదికి లేసేది. కొడుకు ఆలస్యంగ వచ్చిన దినం "నమ" మీద బరువు పడేది, అది తిట్టు. ఊరి ముచ్చట్లు చెప్పినప్పుడు మంత్రం మీద మంత్రం, మధ్యల నవ్వు, మధ్యల చెయ్యి తిప్పుడు. నేను అవునా అత్తమ్మా, అట్లనా అని జవాబు చెప్తుంటే చూసినోళ్లకు పిచ్చోళ్లం అనిపించేదేమో. మ్యాకలకైతే ఏ ఫికర్ లేదు. అవి ఆమె ఏమన్నా వింటయి, ఆమె గొంతుకు అలవాటు పడ్డయి.

ఇగ గోస తీరినట్టే అనుకున్నప్పుడు అసలు గోస మొదలైంది.

ఒక సోమవారం ఆమె గూట్ల ఉన్న మాల దిక్కు చూపెట్టింది. నేను తానం చేయించి, నొసటికి ఇబూది పెట్టి, మాల ఎడమ చేతిల పెట్టిన. ఆమె మొదటి పూస పట్టుకొని, కండ్లు మూసుకొని, నోరు తెరిచింది. మంత్రం రాలేదు. గొంతు కదులుతది, పెదవులు కదులుతయి, మాట రాదు. మళ్ల చూసింది, మళ్ల రాలేదు. చెమటలు పట్టినయి. అంతల మ్యాకపిల్ల ఒకటి వచ్చి జొన్నల గంపల మూతి పెట్టింది. ఆమె కండ్లు తెరిచి "ఓం నమశ్శివాయ" అని దాన్ని అదిలించింది. అన్నంక నా దిక్కు చూసింది. ఆ చూపు నేను మరువ. అదిలిచ్చెటందుకు వస్తది గాని, దేవుని కోసమని కావాలని అనబోతే రాదు.

మాల తీసి పక్కకు పెట్టింది. ఆ దినం నుంచి ఆమె ఏదీ అడుగుడు మానేసింది. నీళ్లు కావాలన్నా పెదవులు గట్టిగ మూసుకొని పండుకునేది. నేను అడిగి అడిగి తాపిచ్చేది. బయటికి పోవాలన్నా చెప్పేది కాదు, చీర తడిసేది. నాకు మొదట సమజు కాలే, రోగం ముదిరిందేమో అనుకున్న. ఒకనాడు చీర మార్చుకుంట, ఎందుకత్తమ్మా, ఒక్క పిలుపు పిలిస్తే రానా నేను అన్న. ఆమె ఎడమ చేత్తోని పటంల ఉన్న శివుణ్ణి చూపెట్టింది. తర్వాత తడిసిన చీర చూపెట్టింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. అప్పుడు తెలిసింది. దేవుని మాట గిసొంటి పనులకు వాడొద్దని ఆమె నోరు కట్టుకున్నది.

మా ఆయనకు చెప్పిన. ఇద్దరం కలిసి చెప్పి చూసినం, ఏం కాదమ్మా, శివునికి తెల్వదా అని. ఆమె మా మాట వినలే. వినేది ఒక్కరి మాటనే. నేను కార్తీకం కోసం ఎదురుచూసిన.

జంగమయ్య వచ్చిండు. ముసలోడైండు, మోకాళ్లు పట్టుకొని మా మెట్లెక్కిండు. నేను వాకిట్లనే ఆపి అంతా చెప్పిన. ఆమె మాట పోయింది, మీరిచ్చిన మంత్రం మిగిలింది, దాంతోనే నీళ్లు అడుగుతది, దాంతోనే బయటికి పోవాలంటది, ఇప్పుడు అది తప్పని నోరు మూసుకున్నది. దోషమా అయ్యా అని అడిగిన. ఆయన జోలె దించి గోడకు ఆనించి, నీళ్లు తాగి, మంచం పక్కన పీట ఏయించుకొని కూసున్నడు. అత్తమ్మ ఆయనను చూసి ఏడ్వబట్టింది. నోరు మాత్రం తెరవలే.

"అమ్మా, నీ మనసు నిలవాలని నేను ఇచ్చిన" అన్నడు ఆయన. "నువ్వు ఇన్నేండ్లు పట్టుకున్నవు. ఇప్పుడు అది నిన్ను పట్టుకున్నది. నీళ్లు అడుగు, చాయ అడుగు, కొడుకును తిట్టు. నాకేం కోపం లేదు. శివునికెందుకుంటది?"

అత్తమ్మ మాల దిక్కు చెయ్యి చూపెట్టింది. ఆయనకు సమజైంది. జపం నోటితోనే చెయ్యాలని నీకు చెప్పలే గదా నేను అన్నడు. మనసుల అనుకుంటే అది గూడ జపమే, పెద్దలు దాన్నే ఎక్కువ అన్నరు, నోటితోని అనుడు మనసు నేర్చుకునేదాకనే అన్నడు. లేసి మాల తెచ్చి ఆమె ఎడమ చేతిల పెట్టి, తన జోలెలకెల్లి తన మాల తీసుకున్నడు. ఇద్దరు నోర్లు మూసుకొని కూసున్నరు. నేను స్తంభం కాడ నిలబడి ఆమె చేతి ఏళ్లనే చూసిన. మొదాలు పూస కదలలే. చానసేపటికి కదిలింది. జర ఆగింది, ఇంకొకటి కదిలింది. ఆ మంత్రం అనేటందుకు ఎంతసేపు పడ్తదో అంతసేపే పూస పూసకు నడుమ. అన్నేండ్లు విన్న నాకు ఆ ఎడం ఎరుకే. లోపల అంటున్నది.

అయ్య పోయేటప్పుడు ఆమె "ఓం నమశ్శివాయ" అన్నది. నాకు చెప్పుడన్నట్టు, అయ్యకు చాయ పొయ్యమని. ఆయన నవ్వుకుంట మళ్ల కూసున్నడు.

అటెనుక మా ఇంట్ల పొద్దుగాల జపం చప్పుడు లేకుండ నడిచేది, మిగిలిన పొద్దంతా మంత్రం గల్లుగల్లున మోగేది. పని మాత్రం వేరే.

నల్లగొండల డాక్టరమ్మ మాకు ఒక సంగతి చెప్పి ఉండె, వచ్చిన మాటను ముక్కలు ముక్కలు చేసి, చప్పట్లు కొట్టుకుంట, రాగం తీసి అనిపించుండ్రి, అండ్లకెల్లి వేరే మాటలు పుట్టొచ్చు అని. మేము మరిచిపోయినం, మా బిడ్డ మరవలే. దానికది ఆట. అవ్వ చెయ్యి పట్టుకొని న, మ, శి, వా అని చప్పట్లు కొట్టించేది. బడిల పంతులమ్మ చెప్పినట్టే, వా తోని వచ్చే మాటలు చెప్పు అవ్వా అనేది. అవ్వ చెప్పకపోతే అదే చెప్పేది, వాన, వాకిలి, వాసన. ఒక్కోసారి అవ్వకు యాష్ట వచ్చి మొకం తిప్పుకునేది. దినాలు, నెలలు గిట్లనే పోయినయి. నేనైతే ఏం ఆశ పెట్టుకోలే.

దసరా అయిపోయినంక పల్లికాయ వచ్చింది. వాకిలి నిండ ఆరబోసినం. మేము ఇంటెనుక తీగలకెల్లి కాయ తెంపుతున్నం. ఎండ కాస్తనే ఉన్నది, గుట్ట అవతల నుంచి మొగులు ఎప్పుడు లేసిందో మాకు కనిపించలే. మంచం మీది నుంచి అత్తమ్మకు కనిపించింది. "వా" అని కేక వినొచ్చింది. మళ్ల "వా, వా." ఆ తర్వాత "వాన." మేము ఉరికినం. పరదాలు గుంజి, రాళ్లు పెట్టి, మిగిలింది గంపలకు ఎత్తి సాయమాన్లకు తెచ్చేసరికి చినుకులు మొదలైనయి. మేము తడిసినం, కాయ తడవలే. ఊపిరి పీల్చుకొని గోడకు ఆనుకొని కూసున్నంక మా బిడ్డ అన్నది, అవ్వ వాన అన్నది.

ముగ్గురం ఆమె దిక్కు చూసినం. మా ఆయన మంచం కాడ మోకాళ్ల మీద కూసోని, మళ్ల అను అమ్మా, ఏమన్నవు అన్నడు. ఆమె అనబోయింది. "ఓం నమశ్శివాయ" వచ్చింది. నవ్వాగలే ఎవ్వరికి. బయట వాన దంచుతున్నది, లోపట మేము పల్లికాయ కుప్పల నడుమ కూసోని నవ్వుతున్నం.

తర్వాత ఒక్కొక్కటి కొన్ని మాటలు వచ్చినయి. మ్యాక, బువ్వ, పో. పో అన్న మాట దొరికినంక దాన్ని మస్తు వాడింది. పేర్లు మాత్రం ఎన్నడు రాలే. కొడుకును ఆఖరుదాక ఓం నమశ్శివాయ అనే పిలిచింది, ఆయన ఆ అనే పలికేటోడు.

ఆమె అమ్మగారూరు పాలమూరు దిక్కు. చిన్నప్పుడు ఆలంపూర్ జోగులాంబ కాడికి పోయిన ముచ్చట నాకు మస్తు సార్లు చెప్పింది, మాట ఉన్నప్పుడు. జర నడవచాతనైనంక జీపు మాట్లాడి తీస్కపోయినం. తుంగభద్రల నీళ్లు సన్నగ పారుతుండె. ఎర్ర రాతి గుళ్లు ఒకదాని పక్కన ఒకటి. ఆమె కట్టె పట్టుకొని, నా భుజం పట్టుకొని ఒక్కొక్క గడప దాటింది. అమ్మవారికి మొక్కి బాలబ్రహ్మేశ్వరుని గుళ్లెకు పోయేసరికి ఆడ ఒక పెద్ద గుంపు కూసోని పంచాక్షరి అంటున్నది. రాతి గోడలకు తగిలి ఆ చప్పుడు గుండెలకు వస్తున్నది. అత్తమ్మ నోరు మూసుకొని నిలబడ్డది. పక్కనున్న ఒకామె మంచికే, అనమ్మా, నువ్వు గూడ అను అన్నది. నేను సంగతి చెప్పబోయిన. అత్తమ్మ నా చెయ్యి ఒత్తి వద్దన్నది.

అప్పుడు నా ఎనుక ఇంకొక గొంతు వినొచ్చింది. మా ఇంటాయన. గుడికి వచ్చినా చేతులు కట్టుకొని నిలబడే మనిషి, తల్లి జపం జోలికి ఎన్నడు రాని మనిషి. గుంపుతోని కలిసి, ఒక ముక్క ఎనుక పడుకుంట, సిగ్గుపడుకుంట "ఓం నమశ్శివాయ" అంటున్నడు. అత్తమ్మ దేవుణ్ణి చూసుడు ఇడిచిపెట్టి కొడుకునే చూసింది. వాళ్లు ఆపేదాక ఆయన ఆపలే. ఆయన ఆపేదాక ఆమె కండ్లు తిప్పలే. ఏటి మెట్ల మీద కూసోని పులిహోర తినేటప్పుడు ఆమె కొడుకు ఆకుల ఇంకింత పులిహోర పెట్టించింది.

అత్తమ్మ ఆ తర్వాత కొన్నేండ్లు బతికింది. ఒక ఎండాకాలం పొద్దుగాల నేను చాయ పట్టుకొని పోయేసరికి నిద్రలనే పోయింది. మా చెలక కొసకు సమాధి చేసినం. ఇబూది పెట్టి, మాల ఆమెతోనే ఇడిచినం. బడి పిల్లల లెక్క ఊరంతా వరుసల నిలబడి తలా పిడికెడు మన్ను ఏసింది.

ఆయేడు కార్తీకంల అయ్య మనుమని బండి మీద వచ్చిండు. నడవలేడు. అత్తమ్మ లేదని ఎరుకే ఆయనకు. నొసటికి ఇబూది పెట్టి, నీకు కావాల్నా బిడ్డా అని అడిగిండు. ఇన్నేండ్లు విన్నది మళ్ల చెవుల చెప్పించుకునుడు ఎందుకయ్యా అన్న. వినుడు వేరు, పట్టుకునుడు వేరు, నీ ఇష్టం అన్నడు. తెల్లారి తానం చేసి ఆయన ముంగట కూసున్న. తల మీద శెల్లె కప్పి చెవుల చెప్పిండు. చెప్తుంటే నేను లేవబోయిన. ఆయన గొంతు కింది దిక్కు దిగింది కద, నాకు నీళ్లు అడిగినట్టు వినొచ్చింది. సంగతి చెప్తే అయ్య నవ్వి, తెచ్చియ్యి మరి అన్నడు. నీళ్లు తెచ్చి ఇచ్చినంక మళ్ల చెప్పిండు.

బిడ్డ ఇప్పుడు గురుకులంల చదువుతాంది, పండుగలకు వస్తది. జీవాలు తగ్గించినం, కొన్ని మ్యాకలున్నయి. నేను పొద్దుగాల మాల పట్టుకొని సాయమాన్ల కూసుంట. మా అత్తమ్మకు కుదిరినట్టు నాకు కుదరది. సగం మాలకు పోంగనే చేను యాదికొస్తది, కూలోళ్లు వస్తరో రారో అని మనసు ఉరుకుతది. మళ్ల గుంజుకొచ్చి కూసోబెట్టుకుంట. మా ఆయన చాయ తాగుకుంట చూస్తడు. మొన్న సోమవారం నడుమల నల్లా వచ్చింది. మాల మెడల ఏసుకొని పోయి బిందె పెట్టి వచ్చి, ఏ పూస కాడ ఆపిన్నో తెల్వక, మళ్ల మొదటి నుంచి మొదలువెట్టిన.